పనోరమా, హెచ్‌డీఆర్ కోసం ఏ సాఫ్ట్‌వేర్? మీ ఫొటోలతోనే పరీక్షించి ఎంచుకోండి

"కైలాసగిరి మీద నుంచి బీచ్ అంతా ఒకే ఫొటోలో రావాలి, ఏ సాఫ్ట్‌వేర్ వాడమంటారు?" వైజాగ్‌లో కెమెరా పట్టినవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. దీని వెనకే ఇంకొకటి వస్తుంది: "సూర్యోదయం తీస్తే ఆకాశం బాగుంటే పడవలు నల్లగా, పడవలు బాగుంటే ఆకాశం తెల్లగా వస్తోంది. హెచ్‌డీఆర్‌కి ఏది మంచిది?"

ఒక పేరు చెప్పి ఊరుకోవడం తేలికే. కానీ మన ఊరి ఫొటోల్లో సగం సముద్రమే ఉంటుంది, చిక్కంతా అక్కడే. రెండు ఫొటోలు అతకాలంటే రెండింటిలోనూ ఉన్న ఒకే వస్తువును సాఫ్ట్‌వేర్ గుర్తుపట్టాలి: భవనం మూల, బండరాయి, కరెంటు స్తంభం. అల అలా దొరకదు. రెండో ఫొటో తీసేలోపు అది ముందుకు వెళ్లి విరిగిపోతుంది. అందుకే కొండలు, కోటల ఫొటోలతో అద్భుతంగా పనిచేసే సాఫ్ట్‌వేర్ కూడా మన బీచ్ దగ్గర తడబడుతుంది. ఎవరి సమీక్షో చూసి కొనకండి. మీ కెమెరాతో, మీ సముద్రంతో ఒక పరీక్ష పెట్టండి. ఎలాగో చెబుతాను.

కావాల్సినవి

- కెమెరా లేదా మాన్యువల్ మోడ్ ఉన్న ఫోన్. రా ఫైల్స్ (జేపెగ్‌గా మార్చని అసలు ఫైల్స్) తీయగలిగితే మంచిది.
- ట్రైపాడ్. పనోరమాకి చేతితో తీసినా నడుస్తుంది, హెచ్‌డీఆర్‌కి ఉంటేనే మేలు.
- లెన్స్ తుడిచే మెత్తటి గుడ్డ. బీచ్ దగ్గర పది నిమిషాలు నిలబడితే చాలు, లెన్స్ మీద ఉప్పు పొర చేరుతుంది.
- కనీసం 8 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్, డిస్క్‌లో బాగా ఖాళీ. 24 మెగాపిక్సెల్ ఫొటో ఒక్కటే 16 బిట్ టిఫ్‌గా (నాణ్యత తగ్గకుండా దాచే పెద్ద ఫైల్‌గా) మారితే కంప్రెస్ చేయకుండా దాదాపు 144 ఎంబీ అవుతుంది. అలాంటివి ఇరవై కలిపితే ఎంతవుతుందో లెక్క వేసుకోండి.
- ఫొటోలు కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి కేబుల్ లేదా కార్డ్ రీడర్. వాట్సాప్‌లో పంపుకోకండి. సైజు తగ్గడమే కాదు, ఏ లెన్స్‌తో, ఎంత ఎక్స్‌పోజర్‌తో (కెమెరాలోకి ఎంత వెలుతురు పంపి) తీశారన్న సమాచారం కూడా పోతుంది. అతికే సాఫ్ట్‌వేర్‌కి ఆ సమాచారమే ఆధారం. వేరే దారి లేకపోతే "డాక్యుమెంట్"గా పంపండి.

1. ముందు మీ అవసరం తేల్చుకోండి

పనోరమా, హెచ్‌డీఆర్ రెండూ వేర్వేరు పనులు. పనోరమాలో పక్కపక్క దృశ్యాలను ఒకే వెలుతురు సెట్టింగ్‌తో తీసి అతుకుతాం. హెచ్‌డీఆర్‌లో ఒకే దృశ్యాన్ని తక్కువ, మధ్యస్థ, ఎక్కువ ఎక్స్‌పోజర్లతో తీసి ఒకదాని మీద ఒకటి కలుపుతాం. మీకు మొదటిదే కావాలంటే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. రెండోది ఎప్పుడో ఒకసారి అవసరమైతే, దాని కోసం విడిగా ఏదీ కొనక్కర్లేదు. రెండూ కలిపి తరచూ చేసేవాళ్లు మాత్రమే డబ్బు ఖర్చు గురించి ఆలోచించాలి.

ఒక హెచ్చరిక. ఫోన్ యాప్‌లలో "హెచ్‌డీఆర్" పేరుతో కనిపించే ఫిల్టర్లు ఒక్క ఫొటోకే కాంట్రాస్ట్ పెంచుతాయి. తెల్లగా కాలిపోయిన ఆకాశాన్ని అవి తిరిగి తేలేవు. అలాగే ఒకే జేపెగ్‌ను మూడు రకాల వెలుతురుతో సేవ్ చేసి కలపడం కూడా వృథా పనే. ఫైల్‌లో లేని వివరం ఎక్కడి నుంచి వస్తుంది?

2. పరీక్ష కోసం రెండు సెట్లు తీయండి

మొదటిది పనోరమా సెట్. సాయంత్రం కైలాసగిరి ఎక్కండి. పొద్దున సూర్యుడు సముద్రం వైపే ఉంటాడు కాబట్టి ఒక చివర కళ్లు చెదిరే వెలుగు, ఇంకో చివర నీడ. సాయంత్రమైతే ఎండ మీ వెనక నుంచి పడి వెలుతురు సమంగా ఉంటుంది. దక్షిణం వైపు డాల్ఫిన్ నోస్ కొండ దగ్గర మొదలుపెట్టి, ఆర్కే బీచ్ వంపు మీదుగా, సముద్రం మీదుగా, ఉత్తరాన రుషికొండ వైపు ముగించండి. నగరం, ఒడ్డు, ఖాళీ సముద్రం మూడూ ఒకే సెట్‌లో వస్తాయి. సాఫ్ట్‌వేర్‌కి ఇంతకన్నా కఠినమైన పరీక్ష దొరకదు.

తీసేటప్పుడు ఇవి పాటించండి:

- కెమెరా నిలువుగా పట్టండి. 18 మిల్లీమీటర్ల దగ్గర మామూలు కిట్ లెన్స్‌తో 180 డిగ్రీలకు ఆరు ఫ్రేములు సరిపోతాయి.
- ప్రతి ఫ్రేములో మూడో వంతు ముందు ఫ్రేముతో కలవాలి.
- ఎక్స్‌పోజర్, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ (రంగుల సమతూకం) మూడూ మాన్యువల్‌లో పెట్టి ముట్టుకోకండి. ఆటోలో వదిలేస్తే సముద్రం ఒక ఫ్రేములో నీలంగా, పక్క ఫ్రేములో బూడిద రంగులో వస్తుంది.
- లెన్స్‌కి పోలరైజర్ (మెరుపులు తగ్గించే) ఫిల్టర్ ఉంటే తీసేయండి. వెడల్పాటి ఆకాశంలో మధ్యన ముదురు మచ్చ పడుతుంది.
- ఫ్రేము కింద కొంచెం నేల, రెయిలింగ్, చెట్టు కొమ్మ ఏదో ఒకటి ఉండేలా చూడండి. సముద్రం, ఆకాశం మాత్రమే ఉన్న ఫ్రేముకి పట్టు దొరకదు. అయితే ఆ రెయిలింగ్ మీకు మరీ దగ్గరగా ఉండకూడదు. చేతితో తీస్తే దగ్గరి వస్తువులు ఫ్రేముకో చోట జరిగి కనిపిస్తాయి.

కొండ మీద గాలి ఎక్కువ. ట్రైపాడ్ మధ్య స్తంభానికి బ్యాగు వేలాడదీయండి. నేవీ, పోర్టు ప్రాంతాల్లో ఫొటోలు తీయకూడదన్న బోర్డు కనిపిస్తే కెమెరా లోపల పెట్టేయండి. అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేసే ఆలోచన అసలు వద్దు.

రెండోది హెచ్‌డీఆర్ సెట్. తెల్లవారాక బీచ్ రోడ్డు మీద నిలబడి, బీచ్‌లో మ్యూజియంగా నిలిపిన కురుసుర జలాంతర్గామిని తీయండి. సూర్యుడు దాని వెనక సముద్రం మీద నుంచి లేస్తాడు కాబట్టి మన వైపు నల్లగా ఉంటుంది, వెనక ఆకాశం మండిపోతుంటుంది. జలాంతర్గామి కదలదు, వెనక అలలు కదులుతాయి. మనకు కావాల్సింది సరిగ్గా ఇదే. ట్రైపాడ్ మీద, రెండు సెకన్ల టైమర్‌తో, బ్రాకెటింగ్‌లో (ఒకే దృశ్యాన్ని వేర్వేరు ఎక్స్‌పోజర్లతో వరుసగా తీసే సెట్టింగ్) మైనస్ 2, 0, ప్లస్ 2 పెట్టి మూడు ఫొటోలు తీయండి. షట్టర్ వేగం మాత్రమే మారాలి. అపర్చర్ (లెన్స్ రంధ్రం) మారితే ఫోకస్ లోతు మారుతుంది, ఐఎస్‌ఓ (సెన్సర్ సున్నితత్వం) మారితే నాయిస్ (గరుకు చుక్కలు) మారుతుంది. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి సూర్యుడిని నేరుగా చూడకండి, స్క్రీన్ మీదే చూడండి.

ఏసీ గదిలోంచి కెమెరాను నేరుగా బయటికి తెస్తే మన ఉక్కకి లెన్స్ మీద ఆవిరి పడుతుంది. కాసేపు బ్యాగులోనే ఉంచి, ఆ తర్వాత తీయండి.

3. పోటీలో రెండు మూడు పేర్లే ఉంచండి

నెట్‌లో వెతికితే పెద్ద జాబితా వస్తుంది. వాటిలో కొన్నిటికి కాలం చెల్లింది. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఇమేజ్ కాంపోజిట్ ఎడిటర్ ఒకప్పుడు చక్కటి ఉచిత సాఫ్ట్‌వేర్, ఇప్పుడు అధికారిక డౌన్‌లోడ్ లేదు. ఆటోపానో అనే పనోరమా సాఫ్ట్‌వేర్ తయారు చేసిన కోలర్ సంస్థను 2015లో గోప్రో కొన్నది, 2018లో మూసేసింది. పాత వ్యాసాలు ఇప్పటికీ వీటినే సిఫార్సు చేస్తుంటాయి. ఏదో తెలియని సైట్ నుంచి వీటిని దించుకుని వైరస్ తెచ్చుకోకండి.

ఇప్పుడు ఆలోచించదగ్గవి ఇవి.

హగిన్: ఉచితం, విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. పనోరమాతో పాటు ఎక్స్‌పోజర్ ఫ్యూజన్ (వేర్వేరు ఎక్స్‌పోజర్ల ఫొటోలను నేరుగా కలపడం) కూడా చేస్తుంది. మొదటిసారి తెరిస్తే కాస్త టెన్షన్ పెడుతుంది గానీ, సముద్రం దగ్గర మన మాట వినే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇదే. నేను మొదట దీన్నే పరీక్షించమంటాను.

లైట్‌రూమ్ క్లాసిక్: అడోబ్ వాళ్ల ఫొటో ఎడిటర్. మీ దగ్గర ఇప్పటికే ఉంటే ముందు దీనిలోనే చూడండి. ఫొటో మెర్జ్‌లో హెచ్‌డీఆర్, పనోరమా, 2018 నుంచి రెండూ కలిపిన హెచ్‌డీఆర్ పనోరమా కూడా ఉన్నాయి. ఫలితం డీఎన్‌జీగా (రా లాంటి ఫైల్‌గా) వస్తుంది కాబట్టి తర్వాత రంగులు దిద్దుకోవడం సులువు. లోపం ఒకటే: అతుకు తప్పితే దాన్ని చేత్తో సరిచేసే వీలు లేదు.

పీటీగుయ్: డబ్బు పెట్టి కొనాలి. వేగం, నియంత్రణ రెండూ బాగుంటాయి. హెచ్‌డీఆర్ కావాలంటే ప్రో వెర్షన్ తీసుకోవాలి. ట్రయల్‌లో ఫొటో మీద వాటర్‌మార్క్ పడుతుంది, పరీక్షకి దానితో ఇబ్బంది లేదు. హోటళ్లకు, రియల్ ఎస్టేట్ వాళ్లకు 360 డిగ్రీల పనులు చేసేవాళ్లకు ఇది పెట్టుబడి. సరదాకి తీసేవాళ్లకు అక్కర్లేదు.

హెచ్‌డీఆర్‌కి మాత్రమే అయితే లూమినెన్స్ హెచ్‌డీఆర్ ఉచితం, ఫొటోమాటిక్స్ కొనాల్సినది. డార్క్‌టేబుల్ అనే రా ఎడిటర్‌లో కూడా రా ఫైల్స్ కలిపే సదుపాయం ఉంది, అయితే అది ఫ్రేములను సరిచేసి పేర్చదు. ట్రైపాడ్ కదిలితే పని చెడినట్టే.

4. పనోరమా సెట్‌ను హగిన్‌లో పెట్టండి

సింపుల్ ఇంటర్‌ఫేస్‌లో మూడు బటన్లు కనిపిస్తాయి: ఫొటోలు ఎక్కించడం, అలైన్ చేయడం (ఒకదానికొకటి సరిపడేలా అమర్చడం), పనోరమా తయారు చేయడం. మొదటి రెండూ నొక్కి ఆగండి. మూడోది ఇప్పుడే నొక్కకండి.

అలైన్ అయ్యాక సగటు తప్పు ఎన్ని పిక్సెళ్లో హగిన్ చెబుతుంది. ఒకటి రెండు పిక్సెళ్ల దగ్గర ఉంటే హాయిగా ముందుకెళ్లండి. పది, ఇరవై ఉంటే తొంభై శాతం దోషం అలలదే. అడ్వాన్స్‌డ్ ఇంటర్‌ఫేస్‌కి మారి, కంట్రోల్ పాయింట్ల (రెండు ఫ్రేముల్లోనూ ఒకే వస్తువు మీద పడిన గుర్తుల) పట్టిక తెరిచి, దూరం ప్రకారం వరుసలో పెట్టండి. పైన కనిపించే పెద్ద తప్పులను ఒక్కొక్కటే నొక్కి చూడండి. అల నురగ మీదో, మబ్బు అంచు మీదో, కదులుతున్న పడవ మీదో గుర్తు పడి ఉంటుంది. వాటిని తీసేయండి. మబ్బుల మీద గుర్తులు ఏరిపారేయడానికి సెలెస్ట్ అనే పరికరం హగిన్‌లోనే ఉంది. అలల మీద గుర్తులను మాత్రం మీరే తీయాలి. తర్వాత మళ్లీ ఆప్టిమైజ్ చేయండి, అంటే మిగిలిన గుర్తులతో అమరికను మళ్లీ లెక్కించమనండి.

ఖాళీ సముద్రం ఫ్రేముకి గుర్తులే మిగలకపోతే రెండు దారులున్నాయి.

మొదటిది, దూరంగా లంగరు వేసిన ఓడ రెండు ఫ్రేముల్లోనూ ఉంటే దాని మీద చేత్తో గుర్తు పెట్టండి. వైజాగ్ తీరంలో పోర్టులోకి పిలుపు కోసం ఆగిన ఓడలు తరచూ కనిపిస్తాయి. ఫ్రేముల మధ్య కొన్ని సెకన్లే తేడా ఉంటుంది కాబట్టి అవి కదిలినా పట్టించుకోనక్కర్లేదు.

రెండోది లెక్క. ట్రైపాడ్ తల మీద డిగ్రీల గుర్తులు చూసుకుంటూ ప్రతిసారీ 30 డిగ్రీలు తిప్పారనుకోండి. ఎడమ పక్క ఫ్రేము యా (అడ్డంగా తిరిగిన కోణం) విలువకి 30 కలిపి, ఖాళీ ఫ్రేముకి ఆ అంకె టైప్ చేయండి. పిచ్ (పైకీ కిందికీ వంపు), రోల్ (పక్కకి వాలు) విలువలు పక్క ఫ్రేమువే పెట్టండి. తర్వాత ఆప్టిమైజ్ చేసేటప్పుడు ఆ ఫ్రేమును కదలనివ్వకండి. ఈ చిన్న పని కోసమే, అంకెలు టైప్ చేయనివ్వని సాఫ్ట్‌వేర్‌ను నేను సముద్రానికి సిఫార్సు చేయను.

ఇప్పుడు సముద్రం, ఆకాశం కలిసే గీత చూడండి. అది పాములా వంకర తిరిగితే ఫొటో తిన్నగా నిలబడలేదని అర్థం. ప్రివ్యూలో స్ట్రెయిటెన్ నొక్కండి. అప్పటికీ వంకర పోకపోతే, బీచ్ రోడ్డు అపార్ట్‌మెంట్ల నిలువు అంచుల మీద నిలువు గీత గుర్తులు రెండు మూడు చోట్ల పెట్టి మళ్లీ ఆప్టిమైజ్ చేయండి. ఒక్క భవనం మీదే పెడితే సరిపోదు, ఫొటోలో వీలైనంత దూరదూరంగా ఉన్నవి తీసుకోండి.

ప్రొజెక్షన్ (వెడల్పాటి దృశ్యాన్ని బల్లపరుపుగా పరిచే తీరు) సంగతి క్లుప్తంగా: 180 డిగ్రీలకు సిలిండ్రికల్ పెట్టండి. రెక్టిలీనియర్ పెడితే వెడల్పు 100 డిగ్రీలు దాటిన దగ్గర్నుంచి అంచులు సాగిపోతాయి.

ఆ తర్వాత మూడో బటన్. మనుషులు సగం తెగి కనిపిస్తే మాస్క్ ట్యాబ్‌లో ఆ మనిషి ఒక ఫ్రేములోనే ఉండేలా, రెండో ఫ్రేములో ఆ ప్రాంతాన్ని గీసి మినహాయించండి.

ఇవే ఫొటోలు లైట్‌రూమ్‌లోనో, పీటీగుయ్ ట్రయల్‌లోనో పెట్టి, ఫలితాలకు వేర్వేరు పేర్లతో ఒకే ఫోల్డర్‌లో సేవ్ చేయండి.

5. హెచ్‌డీఆర్ సెట్‌ను రెండు పద్ధతుల్లో కలపండి

పద్ధతులు రెండు. ఎక్స్‌పోజర్ ఫ్యూజన్‌లో మూడు ఫొటోల్లోనూ బాగా పడిన భాగాలను ఏరి నేరుగా కలుపుతారు. హగిన్‌తో వచ్చే ఎన్‌ఫ్యూజ్ చేసేది ఇదే. రెండోది టోన్ మ్యాపింగ్: ముందు మొత్తం వెలుతురు సమాచారంతో ఒక ఫైల్ తయారు చేసి, తర్వాత దాన్ని స్క్రీన్ మీద పట్టేలా కుదిస్తారు. లూమినెన్స్, ఫొటోమాటిక్స్ వంటివి ఇలా పనిచేస్తాయి.

సూర్యోదయానికి నా ఓటు ఫ్యూజన్‌కే. స్లయిడర్లు తక్కువ, చెడగొట్టుకునే అవకాశమూ తక్కువ. లూమినెన్స్‌లో మాంటియుక్, ఫాటల్, డ్రాగో, రైన్‌హార్డ్ అంటూ చాలా పద్ధతులు కనిపిస్తాయి. ఒకే ఫైల్‌ను అన్నిటితో చూసి, ఆకాశం సహజంగా ఉన్నదాన్నే పట్టుకోండి. వివరం పెంచే స్లయిడర్ సగం దాటనివ్వకండి.

లైట్‌రూమ్‌లో అయితే డీఘోస్ట్ (కదిలిన వాటి నీడ బొమ్మలు తీసేసే సెట్టింగ్) ముందు "లో" పెట్టి చూడండి. "హై" పెడితే అలల ప్రాంతం దాదాపు ఒకే ఫ్రేము నుంచి తీసుకుంటుంది, ఆ ఫ్రేము చీకటిదైతే నాయిస్ బయటపడుతుంది.

మరో మాట. విరిగే కెరటమే మీ ఫొటోకి ప్రాణమైతే హెచ్‌డీఆర్ జోలికి పోకండి. మూడు ఫ్రేముల కెరటాలు కలిస్తే పాలు ఒలికినట్టు మెత్తబడి దాని ఊపు పోతుంది. ఆకాశం కాలిపోకుండా తక్కువ ఎక్స్‌పోజర్‌తో ఒక్క రా ఫైల్ తీసి నీడలు పెంచుకోండి. ఇప్పటి కెమెరాలకు చాలా సూర్యోదయాల్లో అది సరిపోతుంది. లేదా కలిపిన ఫొటో మీద ఒక్క ఫ్రేములోని కెరటాన్ని గింప్ అనే ఫొటో ఎడిటర్‌లో మాస్క్ వేసి అతికించండి.

6. రెండూ కలపాలంటే

ఆరు చోట్ల మూడేసి, మొత్తం పద్దెనిమిది ఫొటోలు. ట్రైపాడ్ లేకుండా మొదలుపెట్టకండి. ప్రతి చోటా బ్రాకెట్ తేడా ఒకేలా ఉండాలి, ఒక చోట మూడు, ఇంకో చోట ఐదు తీస్తే లైట్‌రూమ్ ఒప్పుకోదు. సూర్యోదయం వేళ నిమిష నిమిషానికీ వెలుతురు మారుతుంది కాబట్టి త్వరగా ముగించండి.

ముందు ఒక్కో చోటి మూడు ఫొటోలను విడిగా టోన్ మ్యాప్ చేసి, తర్వాత అతకడం చాలామంది చేసే పొరపాటు. ఒక్కో ఫ్రేముకి ఒక్కో రకం రంగు వచ్చి ఆకాశంలో పట్టీలు పడతాయి. హగిన్‌లో అయితే పద్దెనిమిదీ ఒకేసారి ఎక్కించండి. ఒకే చోటివి ఒక స్టాక్‌గా గుర్తిస్తుంది, అవుట్‌పుట్‌లో ఫ్యూజ్ చేసిన పనోరమా ఎంచుకోండి.

7. ఫలితాలు పక్కపక్కన పెట్టి చూడండి

ఫొటోను స్క్రీన్‌కి సరిపడేలా చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి. 100 శాతానికి పెంచి, ఎడమ నుంచి కుడికి మెల్లగా జరుపుతూ చూడండి. ముఖ్యంగా ఇవి:

- సముద్రపు గీత ఎక్కడైనా మెట్టులా విరిగిందా? ఒక్క మెట్టు కనిపించినా ఆ ఫలితం పనికిరాదు. ప్రింట్‌లో కన్ను ముందు అక్కడికే పోతుంది.
- నురగ గీతలు అతుకు దగ్గర కత్తిరించినట్టు ఆగిపోయాయా?
- ఆకాశంలో నిలువు పట్టీలు ఉన్నాయా? ఉంటే ఆటో ఎక్స్‌పోజర్ అయినా కారణం, లెన్స్ అంచుల చీకటి అయినా కారణం.
- జలాంతర్గామి అంచు చుట్టూ వెలుగు వలయం ఉందా? టోన్ మ్యాపింగ్ ఎక్కువైనట్టు.
- తెల్లని మబ్బు బూడిద రంగులోకి మారిందా? అదీ అదే జబ్బు.
- నడిచే మనిషికి నీడలా ఇంకో మనిషి ఉన్నాడా?
- ప్రతి ఫ్రేములో ఒకే చోట మసక మచ్చ ఉందా? సాఫ్ట్‌వేర్‌ను తిట్టకండి, లెన్స్ తుడవండి.

మీకు ఏది తక్కువ శ్రమతో ఈ పరీక్ష నెగ్గిందో అదే మీ సాఫ్ట్‌వేర్. హగిన్‌లో అరగంట కుస్తీ పట్టి సాధించింది పీటీగుయ్ రెండు నిమిషాల్లో చేసినా, ఏడాదికి నాలుగు పనోరమాలు తీసేవాళ్లకు ఆ తేడా డబ్బు విలువ చేయదు. వారానికి నాలుగు చేసేవాళ్లకు చేస్తుంది.

సేవ్ చేసేటప్పుడు

మాస్టర్ కాపీని 16 బిట్ టిఫ్‌గా ఉంచండి, పంచుకోవడానికి వేరే జేపెగ్ తీయండి. జేపెగ్‌లో ఒక వైపు 65,535 పిక్సెళ్లు దాటకూడదు, పెద్ద జూమ్ లెన్స్‌తో చాలా ఫ్రేములు తీసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. ప్రింట్ వేయించాలంటే వెడల్పు పిక్సెళ్లను 300తో భాగించండి: 12,000 పిక్సెళ్లకు 40 అంగుళాలు. గోడకి ఇంకా పెద్దది కావాలంటే 150తో భాగించినా దూరం నుంచి బాగానే ఉంటుంది.

సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్ ఫైల్‌ను, అసలు ఫొటోలను ఒకే ఫోల్డర్‌లో ఉంచి బ్యాకప్ తీసుకోండి. ఫొటోల పేర్లు మార్చినా, ఫొటోలను మాత్రమే వేరే ఫోల్డర్‌కి జరిపినా ప్రాజెక్ట్ వాటిని కనుక్కోలేదు. రేపు ప్రింట్ కోసం మళ్లీ పెద్ద సైజులో తీయాల్సి వస్తే ఆ ఫైలే మీకు దిక్కు.